సన్నబావ నడుం నొప్పి

ఆ రోజుల్లో మా రాజోలు వైపు డాక్టరంటే సూది వేసేవాడు. తొంభైల చివర్లో నేను పట్నం వెళ్ళి ఫిజియోథెరపీ డిగ్రీలో చేరాను. సూదీ మాత్రా లేకుండా ఎముకలూ కండరాలూ బాగుచేసే చదువొకటి ఉందని మావాళ్ళను నమ్మించడానికే మొదటి ఏడాది సరిపోయింది, చదవడానికి టైము చాలలేదు. (అనాటమీ ప్రాక్టికల్ తప్పినందుకు నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే.) తప్పిన సంగతి బళ్ళో మాస్టారైన మా నాన్నగారికి చెప్పలేదు. ఇప్పుడు రాజోలులో నాకో చిన్న క్లినిక్కు ఉంది, "బావగారి నడుం నిలబెట్టిన డాక్టరు" అనే పేరూ ఉంది. ఆ పేరు నేను సంపాదించింది కాదు. అదెలా వచ్చిందో ఇప్పటికైనా ఉన్నదున్నట్టు చెప్పాలి.

ఆ ప్రాక్టికల్లో మనిషిని బోర్లా పడుకోబెట్టి, లోపల ఏ ఎముక, ఏ కండరం ఎక్కడుందో పైన చర్మం మీద గీసి చూపించాలి. హాస్టల్లో అందరం బాగా తినేవాళ్ళం, ఒకరి ఎముకలు ఒకరికి దొరికేవి కావు. మళ్ళీ పరీక్ష దగ్గర పడేసరికి మా మేనమామ కొడుకు సన్నబావ గుర్తొచ్చాడు. ఆటో నడిపేవాడు. చొక్కా విప్పితే అనాటమీ పుస్తకం తెరిచినట్టుండేది. ఒక శనివారం ఊరొచ్చి, సాయంత్రం వాళ్ళ అరుగు మీదే బోర్లా పడుకోబెట్టాను. తెచ్చుకున్న స్కెచ్ పెన్ను చెమటకు పాకిపోతుంటే, మావయ్య కొబ్బరికాయల బస్తాల మీద మార్కు వేసే నల్ల సిరా తెచ్చి, పుల్లతో మెడ నుంచి నడుం దాకా కండరాలన్నీ గీసి, వెన్నుపూసలకు వరసగా అంకెలు వేశాను. బావకు కితకితలెక్కువ, నవ్వినప్పుడల్లా ఒక కండరం పక్కకు పోయేది. చీకటిపడే వేళకు అన్నీ కుదిరాయి. సిరా మాత్రం పోలేదు. కొబ్బరినూనె రాశాం, కిరసనాయిలు రాశాం, పీచుతో తోమాం.

"పోన్లేరా, పైన చొక్కా ఉంటది కదా," అన్నాడు బావ.

మర్నాడు అతనికి కాలువలో బాప్తిస్మం. అతను చేసుకోవాలనుకున్న అమ్మాయి వాళ్ళ నాన్నగారు మా సంఘంలో పెద్ద. బాప్తిస్మం లేనివాడికి పిల్లనివ్వనని కచ్చితంగా చెప్పేశారు. బాప్తిస్మానికి వేసుకునే తెల్లచొక్కా తడిస్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తట్టలేదు. గట్టు మీద సంఘమంతా పాడుతుండగా పాస్టరుగారు బావను ముంచి లేపారు. పాట ముందు వరసలో ఆగి, మెల్లగా వెనక్కి ఆగిపోతూ వెళ్ళింది. వీపంతా నల్లటి రెక్కలు, మధ్యలో నిలువునా అంకెలు. బస్తాల అలవాటు కొద్దీ మావయ్య కొడుక్కి కూడా మార్కు వేయించేశాడని కొందరనుకున్నారు. పెద్దాయన అలా అనుకోలేదు. కడవరి దినాల మీద ఎన్నో ప్రసంగాలు విన్న మనిషి ఆయన. ఒంటి మీద అంకెలున్నవాడు సైతాను మనిషేనని ఆయన నమ్మకం.

"ఆ అంకెలేంటి బాబూ? ఎవరేసేరు?" అని అడిగారు.

బావ నీళ్ళలోంచి నా వైపు చూశాడు. నా పక్కన నాన్నగారున్నారు. నేను అవతలి గట్టు మీది కొబ్బరిగెలలు చూస్తున్నాను. పరీక్ష కోసమని చెబితే, ఏం పరీక్ష అని నాన్నగారు అడుగుతారని బావకు తెలుసు.

"నడుం నొప్పండి," అన్నాడు. "మావోడు వైద్యం చేస్తన్నాడండి. ఆ గుర్తులండి అవి."

బాప్తిస్మం నీళ్ళు ఆరకముందే అతని చేత అబద్ధం ఆడించిన పాపం నాది. పెద్దాయనకు సైతాను భయం వదిలి నడుం భయం పట్టుకుంది. "ఆయ్, అలాగా. అయితే నడుం బాగయ్యేక కబురెట్టండి," అని గొడుగు తీసుకుని కూతురితో సహా వెళ్ళిపోయారు.

ఇక సెలవు దొరికినప్పుడల్లా వచ్చి లేని నొప్పికి వైద్యం చేశాను. అరుగు మీద బావ కాళ్ళెత్తడం, దించడం, రోడ్డు మీద పెద్దాయన సైకిలాపి చూడటం. ఆయన కనబడగానే మూలగమని నేనే నేర్పాను. (మొదట్లో మూలగబోయి నవ్వేసేవాడు.) మరీ తొందరగా బాగైతే అనుమానమొస్తుందని వేసవిలో దాళ్వా వరికోతలదాకా సాగదీశాను. "ఇంకెన్నాళ్ళురా? ఆ పిల్లకి ఇంకో సంబంధం చూసేస్తారు," అని బావ నిజంగానే మూలిగిన రోజున భయమేసి, ఇక బాగైపోయిందన్నాను. పెద్దాయన ఎదుట ధాన్యం బస్తా భుజానికెత్తుకుని బావ గుమ్మం దాటాడు. పెళ్ళయింది. ఆ పెళ్ళి పందిట్లోనే పెద్దాయన నా హస్తవాసి ఊరందరికీ చెప్పారు. (ఈలోగా ప్రాక్టికల్ పాసయ్యాను. అన్ని వారాలు ఒకే వీపు చూశాక ఎవరైనా పాసవుతారు.) డిగ్రీ చేతికొచ్చేసరికి రోగులు సిద్ధంగా ఉన్నారు. ఆ పేరు విని నాన్నగారు మురిసిపోయినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాడిని. అనుకోవడంతోనే సరిపోయింది.

మొన్న బావ క్లినిక్కుకు వచ్చాడు, నడుం మీద చెయ్యేసుకుని. ఇన్నేళ్ళ ఆటో మరి. తోడొచ్చిన పెద్దాయన బయట బల్ల మీద కూర్చుని పక్కవాళ్ళకు ధైర్యం చెబుతున్నారు: "ఆయ్, భయం లేదండి. ఇదివరకోసారి మా అల్లుణ్ణి నిలబెట్టేడండి."

లోపల బావ చొక్కా విప్పి బోర్లా పడుకున్నాడు. "ఈసారి నిజంగానేరా," అన్నాడు.

వేలితో వెన్నుపూసలు వెతికాను. నాకు అక్క వరసైన బావ భార్య వంట ఆ పాత అనాటమీ పుస్తకానికి ఇన్నేళ్ళుగా అట్టలు వేస్తూ వచ్చింది, ఒక్క ఎముకా తగల్లేదు. కితకితలు మాత్రం అలాగే ఉన్నాయి. నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టి మూలిగాడు.

"మీ మావగారికి నిజం చెప్పేద్దామా బావా?"

"ముందు నడుం చూడరా. ఇప్పుడు బాగుచేసేవనుకో, ఆయన చెప్పిందే నిజమైపోద్ది."

ఎముక దొరకనప్పుడు ఓ గీత గీసుకోవడం నాకింకా అలవాటే. బల్ల మీది పెన్ను అందుకుని, మేకుకు తగిలించిన అతని చొక్కా వైపు చూశాను. తెల్లది. పెన్ను మళ్ళీ అక్కడే పెట్టేశాను.