పగడపు పశువుల పాక

ఆ రోజు ఫోన్ చేసింది అయ్యగారు. శ్రీకాకుళం నుంచి క్రిస్మస్ కూటాలకు మా దీవికి వచ్చి, ఆస్టినాబాద్‌లో మా ఇంట్లోనే దిగి, ఆ పొద్దున్నే తిరుగు ప్రయాణమైన పాస్టరు గారు.

"అమ్మా, అక్క ఇచ్చిన పశువుల పాకని ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. కోరల్ పట్టుకెళ్లడం నేరమంట. నన్ను ఫారెస్ట్ ఆఫీసుకి తెచ్చారు. నేనే ఏరి నేనే చేశానని చెప్పేశాను. మీరెవరూ రాకండి," అని పెట్టేశారు.

పాడు కోరల్! ఈ దీవిలో పుట్టి పెరిగిన మాకు ఆ పగడపు ముక్క ఉత్త రాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చి ఎండిన ముక్కలు ఏరి పూలమొక్కల చుట్టూ పేర్చుకునేవాళ్లం. అక్క వాటితోనే ఏటా మా చర్చికి క్రిస్మస్ పశువుల పాక బొమ్మ కట్టేది. గోడలు, గొర్రెలు, కొమ్ములతో సహా ఎద్దు. చచ్చిన కోరల్ ఏరినా నేరమేనని మా ఇంట్లో ఎవరికి తెలుసు? అయ్యగారు ముచ్చటపడ్డారని, మీ సంఘానికి పట్టుకెళ్లండంటూ ఆయన చేతుల్లో పెట్టింది.

అక్కది సర్కారు బడిలో టీచరు ఉద్యోగం. కేసు పడితే సస్పెన్షనే. ఆమె జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది.

"అక్కా, నీకు దణ్ణం పెడతా, కదలకు. పెద్దాయన తన మీద వేసుకున్నారు కదా," అన్నాను.

"ఆయన్ని లోపలేస్తే నీకు ముద్ద దిగుతుందా?" అంటూ చెప్పులేసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆటోలో దారంతా తిట్టాను. డైరీ ఫార్మ్ ఏరియా దాటేసరికి సగం ఒప్పించాను కూడా. ముందు ఆయన్ని చూసి, లాయరుతో మాట్లాడదాం, అప్పటిదాకా నోరు విప్పొద్దని.

ఆఫీసులో బల్ల మీద పాక ఉంది. పక్కనే చేతులు కట్టుకుని అయ్యగారు. ఆఫీసరు ఎద్దు కొమ్ము పట్టుకుని కదుపుతూ, "యే కైసే జోడా?" అన్నాడు, ఎలా అతికించావని.

"గమ్ సార్, గమ్ పెట్టాను," అన్నారు అయ్యగారు, అబద్ధం చేతకాని మొహంతో.

"గమ్మా?" అంది అక్క. "గమ్ పెడితే ఈ తేమకి రెండ్రోజుల్లో ఊడి చేతికొస్తుంది. వల దారంతో లోపల్నుంచి కట్టాను భయ్యా. దేఖో, ముడి పొట్ట కింద ఉంది. మైనే బనాయా, నేనే చేశాను."

అయిపోయింది. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. నాకైతే అక్క జుట్టు పట్టుకుని గుంజాలనిపించింది. ఒప్పుకోవడానికే వచ్చిందో, ఆ గమ్ మాటకు ఉండబట్టలేకపోయిందో ఇప్పటికీ తెలియదు. అడిగితే "నోర్ముయ్యవే" అంటుంది.

అక్క మీద కేసు రాశారు. సీలు వేయడానికి ఒక గార్డు పాకని పైకప్పు పట్టుకుని లేపబోయాడు. అక్క కళ్లు తుడుచుకుని గబుక్కున లేచింది.

"కింద చెయ్యి పెట్టు భయ్యా, విరిగిపోద్ది. కోర్టులో అందరూ చూస్తారది."