తెల్ల గీత, ఆకుపచ్చ గీత

మొన్న ఆదివారం పొద్దున చాంద్రాయణగుట్టలో మా అమ్మాయి వాళ్ల అపార్టుమెంటు సెల్లారులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టారు. అమ్మాయి కారు ముందు స్ప్రింగులు కుంగిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా దబ్బుమని చప్పుడు చేస్తున్నాయట. మెకానిక్ దాకా ఎందుకు, ఇంటి దగ్గరే మార్చేస్తానని కొత్తవి తెప్పించుకుంది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మనిషి గనుక దానికి పానాలన్నా నట్లన్నా బెదురు లేదు. మా అల్లుడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు. అంతవరకు బాగానే ఉంది కానీ, పని మొదలుపెట్టే ముందు అది ఫోను తీసి టైరుకు ఆనించి వీడియో కాల్ కలిపింది. అవతల కనిపించిన ముఖం మా తోడల్లుడిది.

అంటే నా భార్య చెల్లెలి భర్త, మా అమ్మాయికి బాబాయి. నగరానికి అటు చివర ఉంటాడు, పెళ్లిళ్లలో తప్ప మేము కలుసుకోము. కన్నతండ్రి పక్కనే కూర్చుని ఉండగా నన్ను మాటవరసకైనా అడగకుండా ఆయనను పిలిచి, బాబాయీ ఇది చూడు, బాబాయీ అది చూడు అంటుంటే నాకు కడుపు మండింది. డెబ్బై దాటిన వాడికి ఇంకా ఈ బుద్ధేమిటని పిల్లలు నవ్వుతారు గానీ మన ఈడు వాళ్లకు తెలుసు, మోకాళ్లు అరిగినంత సులువుగా అసూయ అరగదు. అంతలో ఆయన కుడి చేత్తో ఫోను పట్టుకుని, ఎడమ చెయ్యి ఎత్తి నాకేసి ఊపాడు. మిగిలిన వేళ్లన్నీ నిటారుగా ఉన్నాయి, ఉంగరపు వేలు మాత్రం మధ్యలో వంగి అలాగే ఉండిపోయింది. నేను కళ్లజోడు తుడుచుకునే నెపంతో తల దించుకున్నాను.

ఆ వేలు వంగి నలభై ఏళ్లు దాటింది. అప్పట్లో మా మామగారిది మొఘల్‌పురాలో పాత పెంకుటిల్లు, ముందు రెండు అరుగులు, పక్కన కారు పట్టేంత ఖాళీ జాగా. మామగారు ఉర్దూలో చదువుకుని కచేరీలో పనిచేసిన మనిషి, మాట తక్కువ, ప్రేమ ఉన్నా పైకి కనిపించనిచ్చేవారు కాదు. ఆయన ప్రేమకు ఉన్నదల్లా ఒకటే గుర్తు. పొద్దున పత్రిక రాగానే మొదటి కాగితం విడదీసి ఎవరి చేతికి ఇస్తారో ఆ ఇంట్లో వాళ్లే గొప్ప. ఆరేళ్లపాటు, నేను అత్తగారింట్లో ఉన్న ప్రతి ఆదివారం, ఆ కాగితం నాకే అందింది. కొడుకులు లేని ఇంటికి పెద్దల్లుణ్ని, పైగా అప్పటికి ఉన్న ఒక్క అల్లుణ్ని, నాకు కాక ఎవరికిస్తారనే ధీమాతో ఉండేవాణ్ని.

నా పెళ్లయిన ఏడో ఏట మా మరదలి పెళ్లి జరిగింది. కుర్రవాడు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే ప్రభుత్వ ఆఫీసులో నక్షలు గీసే ఉద్యోగం చేస్తున్నాడు. మనిషి సన్నగా, నెమ్మదిగా, నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తూ, ఏ లోపమూ పట్టడానికి వీల్లేకుండా ఉండేవాడు. దానికి తోడు చేతిలో పనితనం ఉంది. వచ్చిన నెలలోనే అత్తగారి కుట్టుమిషను నడిపించాడు, బావి గిలక కిర్రుమనకుండా చేశాడు. నేను ఫ్యూజు మార్చడానికి కూడా పక్కింటాయనను పిలిచే రకాన్ని. అత్తగారు అతని పేరు పలికినప్పుడల్లా కళ్లలో నిప్పులు పోసుకునేవాణ్ని, పైకి మాత్రం ఎంత పనిమంతుడో అని అందరికంటే ముందు నేనే అనేవాణ్ని.

మామగారికి పెట్టెలాంటి పాత నల్ల కారు ఒకటి ఉండేది. దాని ముందు స్ప్రింగులు కుంగిపోయి, సందులోని బండల మీద పొట్ట రాసుకుంటూ నడిచేది. ఇంట్లోనే మారుద్దామని తోడల్లుడు అన్నాడు, మామగారు సరేనన్నారు. అయితే కొత్త స్ప్రింగులు ఎవరు తేవాలి? అతనికి ఉర్దూ అంతంతమాత్రం, బేరం అసలే రాదు. మామగారు నా వైపు తిరిగి, "నువ్వు పోయి పట్టుకొస్తవా బిడ్డా, ఆయనకు బజార్ల మాట తెల్వది," అన్నారు. పనితనం చూపే పని అతనిదని, సంచి మోసే పని నాదని నాకు వినిపించింది. ఆయన అలా అనలేదు, నాకు అలా వినిపించింది.

పత్తర్‌గట్టి వెనక సందులో పాత కార్ల సామాను అమ్మే చిన్న దుకాణానికి వెళ్లాను. గడ్డానికి గోరింటాకు పెట్టుకున్న ముసలాయన రెండు స్ప్రింగులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని చుట్టు మీద తెల్ల గీత, ఇంకోదాని మీద ఆకుపచ్చ గీత. "దోనోఁ ఏక్‌ఇచ్ రంగ్ కే హోనా సాబ్, నై తో గాడీ లంగడీ హో జాతీ," అన్నాడు. చూడటానికి ఒకటే అయినా బలంలో తేడా ఉంటుందట, గీత రంగును బట్టే జత చూసుకోవాలట, లేకపోతే బండి ఒకవైపు కుంటుతుందట. తెల్ల గీతది ఇంకోటి శుక్రవారం దాటాక వస్తుంది, అప్పుడు రమ్మన్నాడు. ఉత్త చేతులతో వెళితే, కొనుక్కురావడం కూడా చేతకాలేదనుకుంటారని నాకు రోషం వచ్చింది. రెండూ కట్టించుకున్నాను, ఇంటికి వెళ్లి తోడల్లుడికి సంగతి చెబుదాం, ఏం చెయ్యాలో అతనే తేల్చుకుంటాడనుకున్నాను. ఇది మాత్రం నిజం, చెబుదామనే బయలుదేరాను.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద పేము కుర్చీలో తోడల్లుడు కూర్చుని ఉన్నాడు. చేతిలో పత్రిక మొదటి కాగితం. మామగారు పక్కన రెండో కాగితం చదువుకుంటున్నారు. అంతే, చెప్పాలనుకున్న మాట చెప్పబుద్ధి కాలేదు. సంచి అరుగు మీద పెట్టి, ఎండగా ఉందని లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాను.

మా అత్తగారికి ఒక ఆచారం ఉండేది. కొత్త ఇనుము ఏది గడప తొక్కినా, అది పొయ్యి కావచ్చు, కత్తిపీట కావచ్చు, కుళాయి కావచ్చు, దానికి పసుపు కుంకుమలు పెట్టందే వాడనిచ్చేవారు కాదు. నేను నీళ్లు తాగి వచ్చేసరికి ఆవిడ స్ప్రింగులు రెండింటినీ పీట మీద నిలబెట్టి, నూనెలో కలిపిన పసుపు చుట్టు చుట్టుకీ దట్టంగా పట్టిస్తున్నారు. "కొత్త ఇనుముకు పసుపు వెట్టకుంట ఊకుంటమా," అని నవ్వారు. తెల్ల గీత, ఆకుపచ్చ గీత రెండూ ఆ పూతలో మునిగిపోయాయి. తోడల్లుడు పసుపు తుడిచి చూసే మనిషి కాదు, అత్తగారు పూసిందాన్ని తుడవడం అమర్యాద అనుకునే మనిషి. అడుగున ఏముందో ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు.

మరునాడు పొద్దుటి నుంచి పని సాగింది. కారును జాకీతో ఎత్తి, కింద షాబాదు బండలు, వాటి మీద మొద్దులు పేర్చి నిలబెట్టాడు. చక్రాలు ఊడదీశాడు. కొక్కేలున్న పొడుగాటి బోల్టులతో స్ప్రింగును కొంచెం కొంచెంగా నొక్కి, పాతది తీసి కొత్తది కూర్చోబెట్టాడు. మామగారు స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నారు, అడిగిన పానా అందించారు; కచేరీలో నలుగురి మీద అధికారం చేసిన మనిషి మా తోడల్లుడికి పానాలు అందించారు. నేను అరుగు మీద నుంచి చూస్తూ ఊరుకున్నాను. సాయంత్రం నాలుగు గంటలకు బండి కిందికి దించి, కొబ్బరికాయ కొట్టి, అందరూ వెనక్కి జరిగి చూస్తే, కారు కుడివైపు రెండు వేళ్ల మందం దిగి నిలబడింది. ఎదురింటి పెద్దాయన తన అరుగు మీద నుంచి, "గాడీ ఏక్ తరఫ్ కూ సో గయీ సాబ్," అన్నాడు. బండి ఒక పక్కకు పడుకుందన్న ఆ మాటకు అందరూ నవ్వారు. మామగారు నవ్వలేదు గానీ ఆయన ముఖంలో చిన్న నిరాశ కనిపించింది, దాన్ని చూసి నా కడుపు చల్లబడింది. అవును, సంతోషించాను. ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను?

స్ప్రింగు చివర తన గాడిలో సరిగ్గా కూర్చోలేదేమో, తప్పు తనదేనని, తోడల్లుడు మళ్లీ జాకీ పెట్టాడు. ముందునాడు చెప్పకపోయినా, అప్పుడైనా నేను నోరు విప్పి ఉండవలసింది. ఒక్క మాట, గీతలు వేరు అని. నిలబడి చూశాను. పొద్దంతా పనిచేసి చేతులు అలసిపోయి ఉన్నాయి, స్ప్రింగు నిండా నూనె పసుపు; కొక్కెం జారి స్ప్రింగు అతని ఎడమ చేతి ఉంగరపు వేలిని నొక్కేసింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అతను అమ్మా అని కూడా అనలేదు, ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని బండ మీద కూర్చుండిపోయాడు. మామగారు భుజం మీది తువ్వాలుతో చేతికి కట్టు కట్టి, ఇనుము మీద పడ్డ నెత్తురు తుడిచారు. నెత్తురుతో పాటు పసుపు ఊడివచ్చింది, కింద ఆకుపచ్చ గీత బయటపడింది, రెండోదాన్ని తుడిస్తే తెల్ల గీత.

డాక్టరు వేలికి బద్ద కట్టాడు. శనివారం నాడు స్ప్రింగు మార్చుకురావడానికి నేను బయలుదేరితే, అతను కూడా కట్టుకట్టిన చేత్తో నా వెంట వచ్చాడు. దుకాణం ముసలాయన నన్ను చూస్తూనే, "ఉసీచ్ దిన్ బోలా థా నా సాబ్ ఆప్‌కూ," అన్నాడు. ఆ రోజే చెప్పాను కదా అన్న ఆ ముక్క అర్థం కావడానికి అంత ఉర్దూ అక్కర్లేదు. తోడల్లుడు నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తరువాత చార్మినార్ వైపు తిరిగి, చాయ్ తాగుదామా అన్నయ్యగారూ అన్నాడు. ఆ చాయ్ ఎలా దిగిందో నాకే తెలుసు.

ఇంటికి వచ్చాక ఏం చెబుతాడోనని నా ప్రాణాలు నా దగ్గర లేవు. అతను మామగారితో, గీతలు ముందే చూసుకోవలసింది, పొరపాటు తనదేనని చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. చెయ్యి పనికిరాదు గనుక తను పక్కన కూర్చుని, ఏ నట్టు ఎటు తిప్పాలో చెబుతూ మార్చి తెచ్చిన తెల్ల గీత స్ప్రింగు నాతో బిగింపజేశాడు. కారు తిన్నగా నిలబడింది. అన్నయ్యగారే బిగించారని అందరికీ చెప్పాడు. మరునాడు ఆదివారం, మామగారు పత్రిక మొదటి కాగితం విడదీసి నా చేతికి ఇచ్చారు. అది నాకు ఎవరు ఇప్పించారో తెలుసు గనుక ఒక్క అక్షరం చదవలేకపోయాను. అంతకుముందు అతని చేతిపనిని చూసి కుళ్లుకునేవాణ్ని, ఆ రోజు నుంచి అతని మనసును చూసి కుళ్లుకున్నాను. ఈ రెండోది ఇంకా కష్టమైనది.

సెల్లారులో మా అమ్మాయి చక్రం ఊడదీసి, కొత్త స్ప్రింగులు అట్టపెట్టెలోంచి తీస్తూ నన్ను పిలిచింది. "నాన్నా, ఇటు రా. గీతలు నిన్నే చూడమంటున్నడు బాబాయి. మన ఇంట్ల గా సంగతి నీకు తెలిసినంత ఎవ్వరికీ తెల్వదట." దాని ముఖంలో మర్మమేమీ లేదు, ఆయన దానికి ఏమీ చెప్పలేదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కుర్చీలోంచి లేచి, నేల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని రెండింటినీ తిప్పి తిప్పి చూశాను. రెండింటికీ నీలం గీతలే. ఫోను దగ్గరికి వంగి, "రెండింటిదీ ఒక్కటే రంగు," అన్నాను. అటువైపు ఆయన ఫోను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "మంచిది అన్నయ్యగారూ, అమ్మాయిని బిగించమనండి," అన్నాడు.

ఇప్పుడు స్ప్రింగులు జతగానే అట్టపెట్టెలో ఇంటికి వస్తాయి, వాటికి పసుపు పూసేవాళ్లు లేరు, కారు ఎత్తితే చూసి నవ్వడానికి ఎదురింటి అరుగు లేదు. పత్రికలో మొదటి కాగితం కోసం ఎదురుచూసేవాళ్లూ లేరు. ఇంట్లో ఎవరి పత్రిక వాళ్ల ఫోనులోనే ఉంది. మామగారు లేరు, ఆ ఇల్లు లేదు. మధ్యాహ్నానికి మా అమ్మాయి పని ముగించి, చేతులు చూపిస్తూ నవ్వింది, పదివేళ్లకూ నల్లటి జిడ్డు, ఒక్క గీరు కూడా లేదు. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు పట్టింది ఒక నిమిషం. నలభై ఏళ్ల కిందట ఆ అరుగు మీద చెప్పి ఉంటే, ఇవాళ ఫోనులో నాకేసి ఊపిన చేతికి ఐదు వేళ్లూ తిన్నగా ఉండేవి.