హుస్సేన్ పీరా కట్టిన మడిమూట

నంద్యాలలో ఒక మాట తిరుగుతోంది. ఆళ్లగడ్డ హుస్సేన్ పీరా, మన చింతపండు అంగడి రంగయ్య తల్లి రామేశ్వరమ్మ మడిమూటను బలవంతంగా విప్పించాడట, ఆమె భయపడి ఊరుకుందట. ఆళ్లగడ్డలో ఇంకో మాట. ఆ మూటలో ఆయన తాయెత్తు పెట్టాడట, అందుకే అరవై రెండేళ్ల మనిషి నాలుగు రోజులు అడవిలో తిరిగి చెక్కుచెదరకుండా దిగి వచ్చిందట. రెండూ అబద్ధమే. రామేశ్వరమ్మను భయపెట్టే మనిషి ఇంకా పుట్టలేదు. ఇక తాయెత్తు సంగతంటారా, పీరాకు తాడు తప్ప ఇంకో విద్య రాదు. ఆ తాడు విద్యలోనే ఉంది అసలు కథంతా.

హుస్సేన్ పీరా పని మామూలు రోజుల్లో బస్సుల టాపు మీద సామాను కట్టడం, చినిగిన గోనెసంచులు కుట్టడం. భుజాన తాడు చుట్ట, తలగుడ్డ మడతలో దబ్బనం. ఫాల్గుణం వచ్చిందంటే మాత్రం ఆయన ఇంటి చూరు కింద వేరే సందడి. అహోబిలం కొండలెక్కి తొమ్మిది నరసింహస్వాముల్ని చూడబోయేవాళ్లంతా ముందు అక్కడే దిగుతారు. వైశాఖం ఎండలు ముదిరేదాకా ఇదే వరస. ట్రంకుపెట్టెలతో వచ్చేవాళ్లు, పరుపుచుట్టతో వచ్చేవాళ్లు. ఒక ఏడాది కోర్టు అమీనా ఒకాయన మడతకుర్చీ కూడా తెచ్చాడు. పీరా కాదనలేదు. దాన్ని ఎత్తుకుని కాస్త నడవమన్నాడంతే.

అదే ఆయన పరీక్ష. ప్రయాణానికి ముందురోజు మిట్టమధ్యాహ్నం, ఎవరి మూట వాళ్లు ఎత్తుకుని ఆయన ఇంటి నుంచి కాలువ వారధిదాకా పోయి రావాలి. మధ్యలో కూర్చోకూడదు. కొండ మీద విప్పి పారేసేది ఈడనే పారేయండప్పా అనేవాడు. అమీనాగారి కుర్చీ వారధి దాటలేదు.

పోయి వచ్చినవాళ్ల మూటలు విప్పించి ఆయన మళ్లీ సర్దేవాడు. కొత్త చెప్పులు ఎవరు తెచ్చినా వెనక్కి పంపేవాడు. వారం రోజులు ఆముదం పట్టించిన పాత చెప్పులే కొండకు. అగ్గిపెట్టె వెదురు బొంగులో వేసి మూతికి గుడ్డ కుక్కాలి. నీళ్లు సొరకాయ బుర్రలో, ఎంత ఎండలోనైనా చల్లగా ఉంటాయి. మూటను రెండుగా చేసి, నడుమ పట్టీ వేసి, ఒకటి ముందు, ఒకటి వెనక వేలాడేలా కడితే మెడ నొప్పి పుట్టదు. తాడు కొస ఎక్కడా బయటికి కనపడకూడదు, కనపడితే అహోబిలం కోతులు దాన్నే పట్టుకుంటాయి. ఇంకా, మనిషికొక కంబళి. ఈ మాట చెప్పగానే అందరూ నవ్వేవాళ్లు. ఎండాకాలం కంబళేంది పీరా అని దాన్ని ఆయన చూరు కిందే వదిలేసి పోయేవాళ్లు. తెల్లవారుజామున అడవి చలికి వణికి వచ్చి, మరుసటి ఏడు నోరెత్తకుండా తెచ్చుకునేవాళ్లు.

ఇన్ని సర్దే మనిషి తినేవాటి మూట మాత్రం ముట్టడు. ఏ ఇంటి ఆడవాళ్లయినా దాన్ని లోపలే కట్టుకుని తెచ్చి దూరంగా పెడతారు. ఎవరూ చెప్పి పెట్టిన కట్టుబాటు కాదు, పీరా నాయన కాలం నుంచి అట్లా నడిచిపోతోంది. పీరా దాని గురించి ఎప్పుడూ ఒక మాట అనలేదు. ఆయన భార్య ఖైరున్నీసా మాత్రం తాళ్లు పేనుతూ, వీటిని పేనే చెయ్యి ఎవరిదో ఎవరూ అడగరు చూడు అని నవ్వేది.

పంతొమ్మిదివందల యాభై ఏడులో, తిరునాళ్ల ముగిసిన వారానికి, రామేశ్వరమ్మ కొడుకును వెంటబెట్టుకుని నంద్యాల నుంచి ఆళ్లగడ్డలో చెల్లెలు సరోజమ్మ ఇంటికి వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట రంగయ్యకు విషజ్వరం వచ్చి ఇరవై రోజులు కన్ను తెరవలేదు. అప్పుడు మొక్కుకుంది. తొమ్మిది స్వాముల దగ్గరికీ నడిచే వస్తాను, ప్రతి గుడి దగ్గరా నా చేత్తో వండి నైవేద్యం పెడతాను, దానికి ఇంకొకరి చెయ్యి తగలనివ్వను అని. ఆ తర్వాత పెళ్లిళ్లు, పురుళ్లు, భర్త పోవడం, అంగడి. ఏటికేడు వాయిదా. ఇప్పుడు మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఈ ఏడు కాకపోతే ఇక లేదని ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు.

రంగయ్య మంచివాడే, కాకపోతే భయస్థుడు. తల్లి అడవిలో కూలబడితే ఎవరు మోసుకురావాలని అతని దిగులు. డోలీ పెట్టుకుందామంటే నడక మొక్కు కదా అని ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పీరా పరీక్షలో ఆమె కూర్చోకుండా పోయి వస్తే తొమ్మిదీ చూపిస్తాడు. కూర్చుంటే దిగువ అహోబిలంలో దండం పెట్టుకుని బండి వెనక్కి తిప్పడమే. పీరాను నడుమ సాక్షిగా పెట్టుకున్నారు.

రామేశ్వరమ్మ ఆ పొద్దున సరోజమ్మ బావి దగ్గర నీళ్లు పోసుకుని, మడిబట్ట కట్టుకుని, మూట తానే కట్టుకుంది. రంగయ్య మూట, తోడు వచ్చిన ఇద్దరు బంధువుల మూటలు పీరా చేతిలో సగానికి సగం తగ్గిపోయాయి. ఆమె మూట అట్లాగే ఉంది. మధ్యాహ్నం దాన్ని నెత్తికెత్తుకుని బయల్దేరింది. ఎక్కడ తగులుతామోనని దారిలో జనం పక్కకు తప్పుకున్నారు. పీరా పది అడుగులు వెనక నడిచాడు, ఆమె కాళ్లను చూస్తూ, మూట చప్పుడు వింటూ.

వారధిదాకా బాగానే పోయింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, తనే మూట దించుకుని, వారధి గోడ మీద కూర్చుంది. చెయ్యి అందించడానికి నలుగురు ఉన్నారు కానీ, ఎవరూ ముట్టకూడదు.

“అయిపాయె కదమ్మా,” అన్నాడు రంగయ్య. “దిగువ స్వామిని చూసుకోని పోదాం. దేవుడేమన్నా కొలతలు పెట్టుకోనుంటాడా?”

“మొక్కింది నేను. కొలత నాది,” అంది ఆమె, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

అమ్మ ముఖం చూసి రంగయ్యకు మనసు ఆగక, పోనీ ఆ మూట నేను మోస్తానన్నాడు. పొద్దున బస్సు దిగి హోటల్లో టీ తాగినోడివి, దూరంగా నిలబడు అని కసిరింది.

పీరా అప్పుడు నోరు తెరిచాడు. “అమ్మా, లోపల టెంకాయలు తొమ్మిదా?”

“నీకెట్ల తెలిసె?”

“నడుస్తాంటే కొట్టుకుంటాండాయి. ఇత్తడి గిన్నె కూడా ఉండాది, దాని మూత వదులు.”

ఆమె అలసటలోనూ నవ్వింది. తొమ్మిది గుళ్లు కాబట్టి తొమ్మిది కాయలు, తొమ్మిది బెల్లం ముద్దలు, తొమ్మిది పొట్లాల బియ్యం, పెసరపప్పు. ఏ గుడిది ఆ గుడికి విడిగా కట్టుకుంది. కొండ కింది మూడు గుళ్లూ ముందే చూసుకుంటే మూడు కాయలు, వాటి పొట్లాలు అక్కడే చెల్లిపోతాయి, పైకి ఆరే మోయొచ్చు అన్నాడు పీరా. నిజమే, అది ఆమెకు తోచలేదు. కానీ రంగయ్య తల ఊపలేదు. మూడు తీసినా ముప్పై తీసినా ఎక్కేది ఆమె, మోసేదీ ఆమే కదా అన్నాడు. పీరా మూట బరువును తగ్గించగలడు గానీ, దానికి రెండో భుజం ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, పళ్లెం పక్కకు జరిపాడు. ఆ శెట్టెమ్మ మూట మోయను నువ్వు కూడా పోతాండావా ఏంది అని ఖైరున్నీసా ఎగతాళి చేసింది. ఆయన వినడం లేదు. చూరు కింద రంగయ్య వదిలేసిన కంబళిని చూస్తున్నాడు. కురువ వాళ్ల మగ్గం మీద నుంచి దిగిన కొత్త కంబళి, మడత కూడా విప్పలేదు.

ఆయనకు ఒక సంగతి తెలుసు. చలికాలం పొద్దున సరోజమ్మ ఇంటి మీదుగా పోయేటప్పుడు ఎన్నోసార్లు చూశాడు. అయితే వాళ్ల మడి ఆచారం ఏమిటో వాళ్లకు చెప్పడానికి తనెవరు? చెబితే తప్పుగా వినపడుతుంది. చెప్పకపోతే ఆ తల్లి దిగువ స్వామిని మాత్రమే చూసి వెనక్కి పోతుంది. చెయ్యి కడుక్కుని, కంబళి చంకన పెట్టుకుని సరోజమ్మ ఇంటికి పోయి, వీధిలోనే నిలబడ్డాడు.

“అమ్మా, ఒక మాట అడగల్ల. చలికాలం మడిలో ఉన్నప్పుడు మీరు ఏం కప్పుకుంటారు?”

“కంబళి,” అంది సరోజమ్మ లోపలి నుంచి. “దానికి మైల లేదు కదప్పా. దాని మీద ఎవురు తగిలినా మడి చెడదు...”

అక్కడితో ఆగిపోయింది. రామేశ్వరమ్మ గడప దగ్గరికి వచ్చి, ఆయన చంకలోని కంబళిని చూసింది.

“అటక మీదికి పోయినాక ఎండాకాలం దాని మాట ఎవురికి మతికొస్తాది?” అంది. అని కొడుకు వైపు తిరిగింది. “రంగా, ఇందాక మోస్తానంటివి గదా.”

రంగయ్య లేచి ముందుకు వచ్చాడు. అన్నమాట అన్నట్టే ఉంది మరి.

పీరా కంబళిని అరుగు మీద పరిచి దూరంగా జరిగాడు. ఆమె మడిమూటను దాని నడుమ పెట్టి నాలుగు చెంగులూ పైకి తీసి ముడి వేసింది. మందపాటి కంబళి, ముడి నిలవలేదు. ఇంకోసారి వేసింది, జారింది. మూడోసారి టెంకాయలు ఒక పక్కకు ఒరిగాయి. పీరా చేతిలో తాడుంది. కట్టబోయే పని కళ్లముందే చెడుతుంటే చూడలేక వేళ్లు కదులుతున్నాయి. అడుగు మాత్రం ముందుకు వెయ్యలేదు.

రామేశ్వరమ్మ తలెత్తింది. “నిలబడి చూస్తాండావేంది? పైది కంబళే గదా. వచ్చి కట్టు.”

సరోజమ్మ తలుపు చాటున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పీరా వచ్చి కూర్చున్నాడు. యాభై ఏళ్లలో లెక్కలేనన్ని మూటలు కట్టిన మనిషి ఆ ఒక్క మూటకు అంత సేపు తీసుకున్నాడు. కాయలు కదలకుండా సర్దాడు, పట్టీ వేశాడు, కొస లోపలికి దోపాడు. అంతటితో వదల్లేదు. దారి పొడుగునా దాన్ని తొమ్మిదిసార్లు విప్పాలి, అక్కడ తను ఉండడు. అందుకని విప్పి, రంగయ్య చేత కట్టించాడు. బాగాలేదని మళ్లీ విప్పించాడు. మూడోసారికి కుదిరింది.

“నువ్వు లాగితే ఒక్క లాగుడుకు రావాల. కోతి లాగితే బిగుసుకోవాల. అదీ ముడి,” అన్నాడు.

ఆ సాయంత్రమే ఎండ ఉండగానే మళ్లీ వారధిదాకా నడిచారు. ఈసారి రామేశ్వరమ్మ చేతిలో ఒక కర్ర, నీళ్ల బుర్ర. వెనక రంగయ్య భుజాన కంబళి మూట. వారధి దగ్గర రంగయ్య ఆగి, మూటను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“కూర్చుంటావా నాయనా?” అని అడిగింది తల్లి.

తోడు వచ్చిన బంధువులు ఈ మాటను నంద్యాలకు మోసుకుపోయి ఏడాది పొడుగునా రంగయ్యను వేధించారు. ఆమె మాత్రం కూర్చోలేదు. పోయింది, వచ్చింది.

మరుసటి రోజు బండిలో దిగువ అహోబిలం చేరి, కింది మూడు గుళ్లూ ముందు చూసుకున్నారు. తర్వాత ఎగువకు నడక. భవనాశి వాగులో తడిసి, తడిబట్టతోనే మూడు రాళ్ల పొయ్యి పెట్టి వండేది. రంగయ్య దూరంగా నిలబడి ముడి ఒక్క లాగుడుకు విప్పేవాడు, లోపలి మూట ఆమె తీసుకునేది. కోతులు రెండుసార్లు కంబళిని పీకి చూసి, కొస దొరక్క వదిలేశాయట. తెల్లవారుజామున చలికి మగవాళ్లు ముగ్గురూ పంచెలు కప్పుకుని ముడుచుకుంటే, మిగతా కంబళ్లు వదిలేసి వచ్చినందుకు ఆమె ఒక్కొక్కరినీ పేరుపెట్టి తిట్టిందట. అన్నిటికంటే దూరం పావన నరసింహస్వామి గుడి. దాన్ని చివరికి పెట్టుకుంది. ఆ దారిలో నాలుగుసార్లు ఆగింది, నిజమే. ఆగిన ప్రతిసారీ తనే లేచింది.

నాలుగో రోజు మధ్యాహ్నం బండి ఆళ్లగడ్డలో దిగింది. రామేశ్వరమ్మ చెల్లెలింటికి పోకుండా నేరుగా పీరా చూరు కిందికి వచ్చింది. తొమ్మిదీ అయినాయి అని ఒక్క మాట చెప్పింది. యాడన్నా వదులైందా అమ్మా అని అడిగాడు పీరా, తాడు సంగతే ఆయనకు. నా కాళ్లొకటే అంది. కొంగులోంచి టెంకాయ చిప్ప తీసి, తాళ్లు పేనుతున్న ఖైరున్నీసా చేతిలో పెట్టింది.

జరిగింది ఇదీ. బలవంతమూ లేదు, తాయెత్తూ లేదు.

ఆ తర్వాత రెండేళ్లూ ఫాల్గుణంలో రామేశ్వరమ్మ ఆళ్లగడ్డకు వస్తూనే ఉంది. కొండెక్కడానికి కాదు, మొక్కు తీరిపోయింది కదా. ఆ చూరు కింద ఒక పూట కూర్చుని, వచ్చిపోయేవాళ్ల మూటల మీద తన మాట కూడా ఒకటి వేసేది. ఈ ఏడు, అంటే పంతొమ్మిదివందల అరవైలో, మోకాళ్లు పూర్తిగా పట్టేసి అంగడి గడప దాటలేకపోతోంది. ఇంతలో కబురొచ్చింది, పీరా బస్సు టాపు మీద నుంచి జారి పడ్డాడని, కుడి చెయ్యి విరిగితే కట్టు కట్టించుకున్నాడని. అడిగినవాళ్లందరికీ ఏం కాలేదని చెబుతున్నాడట. ఎడమ చేత్తో, పళ్లతో పట్టి ముళ్లు వేస్తున్నాడట. ఆయన నోటి నుంచి నిజం రాదని ఆమెకు తెలుసు. అందుకే అంగడికి వచ్చిన ప్రతి మనిషినీ ఆళ్లగడ్డ వైపు పోతాండావా అని అడుగుతోంది.

మీలో ఎవరైనా ఈ ఎండల్లో అహోబిలం పోతుంటే, మూట కట్టించుకునే పని లేకపోయినా సరే, ఆళ్లగడ్డలో ఒక్క గడియ ఆగండి. ఎట్లుందని ఆయన్ని అడగొద్దు, ఖైరున్నీసాను అడగండి. వేళ్లు ముడుచుకుంటున్నాయా లేదా మీ కళ్లతో చూడండి. చూసి, వచ్చేటప్పుడు నంద్యాలలో చింతపండు అంగడి ముందు ఆగి ఆ ముసలామెకు చెప్పిపోండి.