పెద్దక్క నల్లగీతల పుస్తకం

పెద్దక్క అసలు పేరు ఆ ఆసుపత్రిలో హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నర్సుగా అదే మగవాళ్ళ వార్డు, అవే ఇరవై నాలుగు మంచాలు. డాక్టర్లు వచ్చారు, పోయారు. గోడలకి నాలుగుసార్లు రంగు మారింది. పెద్దక్క మాత్రం చోటు కదల్లేదు. ఆవిడ గొప్పంతా జ్ఞాపకశక్తిలో ఉంది. డాక్టరు రౌండుకొచ్చి ఫైలు తెరిచేలోపే, "ఏడుకి రాత్రి నిద్ర లేదు, పదకొండుకి జ్వరం తగ్గింది, పద్దెనిమిది సరిగ్గా తినట్లేదు" అని గడగడా అప్పజెప్పేసేది. పేషెంట్లని మంచం నంబరుతో పిలవడం బాగోలేదని ఎవరైనా అంటే నవ్వేసేది.

"మనుషులు ఇవాళ ఉంటారు, రేపు ఇంటికి పోతారు. మంచాలు ఎక్కడికీ పోవు కదా!" అనేది.

అలాంటి మనిషి మీదికి ఆసుపత్రివాళ్ళు కంప్యూటర్ని తోలారు. చక్రాల బండి మీద ఒక తెర, దానికి వైరుతో వేలాడే స్కానరు. ప్రతి పేషెంటు మణికట్టుకీ నల్లగీతలున్న పట్టీ. మందు ఇచ్చే ముందు పేషెంటుని పేరు అడగాలి, పట్టీ మీద స్కానరు పెట్టాలి, తర్వాత మందు మీద పెట్టాలి. రెండూ కలిస్తే తెరమీద పచ్చ టిక్కు పడుతుంది. కలవకపోతే ఎర్రగా మారి అరుస్తుంది. పద్ధతి మంచిదే, కాదని ఎవరంటారు? కానీ పట్టీలు చెమటకి ముడతలు పడేవి. కొందరు చెయ్యి ఒంటికింద పెట్టుకుని పడుకునేవాళ్ళు. రాత్రంతా నొప్పితో మూలిగి తెల్లవారుజామున కాస్త కన్నంటిన మనిషిని లేపి "చెయ్యి చూపించండి, పేరు చెప్పండి" అనడం పెద్దక్కకి పాపమనిపించింది. అందుకని ఉపాయం పన్నింది. "పట్టీ చిరిగింది, ఇంకోటి కావాలి" అని పట్టీలిచ్చే కౌంటరుకి కబురు పంపి, ఒక్కో పేషెంటుకీ రెండో పట్టీ తెప్పించింది. వాటిని రూళ్ళ నోటుపుస్తకంలో మంచానికొక పేజీ చొప్పున అతికించింది. ఇక మంచం దగ్గరికి వెళ్ళేముందే పుస్తకం తెరిచి పేజీ మీద టీక్‌మనిపిస్తే చాలు, పచ్చ టిక్కు పడేది. పేషెంటు హాయిగా నిద్రపోయేవాడు. వార్డులో నర్సులందరూ ఆ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నారు.

ఆర్నెల్లు తిరిగేసరికి స్కానింగులో ఆ వార్డు నూటికి తొంభై తొమ్మిది తెచ్చుకుని మొదటి స్థానంలో నిలిచింది. మెచ్చుకోలు పత్రాన్ని పటం కట్టి తలుపు పక్కన తగిలించారు. కంప్యూటరంటే గిట్టని మనిషికే కంప్యూటరు బహుమతి దక్కింది కదాని పెద్దక్క ఆ పటం కింద నుంచి వెళ్ళినప్పుడల్లా ముసిముసిగా నవ్వుకునేది.

నవ్వని మనిషి ఒక్కతే. ఆమెని అందరూ కంప్యూటర్ చెల్లి అనేవాళ్ళు. ఎనిమిదేళ్ళు పెద్దక్క చేతికింద నర్సుగా పనిచేసి, సూది వెయ్యడం ఆవిడ దగ్గరే నేర్చుకుని, తర్వాత పై చదువు చదివి కింది అంతస్తులో కంప్యూటర్ల గదికి వెళ్ళింది. నర్సుల పనికి తగ్గట్టు ఆ యంత్రాన్ని దిద్దడం, అది రాసుకున్న లెక్కలు చదవడం ఆమె ఉద్యోగం. ఒకసారి మెట్ల దగ్గర ఎదురుపడి మెల్లగా అడిగింది.

"అక్కా, మీ వార్డులో ఆరుగురు పేషెంట్లకి అర నిమిషంలో స్కాన్ అయిపోతోంది. ఆరు మంచాలు తిరగడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది కదా?"

"మా పిల్లల కాళ్ళకి చక్రాలున్నాయే!" అంది పెద్దక్క.

చెల్లి మెట్లు దిగి వెళ్ళిపోయింది. సూది పట్టుకోవడం నేర్పిన మనిషిని నిలదీయడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటికి పెద్దక్క ఎనిమిదో మంచం దగ్గర ఆగింది. దుప్పటి ముసుగు తీసి చూస్తే లోపలున్నది ఎనిమిదో నంబరు టైలరు కాదు, ఏడో నంబరు డ్రైవరు. ఒళ్ళంతా ముద్దయ్యేలా చెమట. కళ్ళు తేలేస్తున్నాడు. పిలిస్తే ఏదో గొణుగుతున్నాడు. వేలిమీద చుక్క రక్తం తీసి చూస్తే షుగరు ముప్పై నాలుగుకి పడిపోయింది. ఈ మనిషికి షుగరు జబ్బే లేదు! కడుపు స్కానింగుందని రాత్రినుంచి ఏమీ తినకుండా ఉన్నాడు, అంతే. పెద్దక్క చేతులు వాటంతట అవే పనిచేశాయి. సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించింది. పది నిమిషాలకి డ్రైవరు కళ్ళు తెరిచి చూసి, "ఏమైందండీ నాకు?" అన్నాడు.

ఏమైందో పక్క మంచం చెప్పింది. టైలరు ఆసుపత్రిలో కూడా ఊరికే కూర్చోలేని మనిషి. వార్డులో ఎవరి చొక్కా గుండీ ఊడినా ఆయనే కుట్టేవాడు. కిటికీ పక్కనైతే వెలుతురు బాగుంటుందని ముందురోజు సాయంత్రం డ్రైవర్ని బతిమాలి మంచం మార్చుకున్నాడు. మొహం మీద ఎండ పడుతోందని విసుక్కుంటున్న డ్రైవరు సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో పేజీలోని టైలరు పట్టీకి పచ్చ టిక్కు పడింది, టైలరు ఇన్సులిన్ డ్రైవరు ఒంట్లోకి పోయింది.

"ఇవాళ నాకు సూది వెయ్యలేదు సిస్టర్. పోనీలే, డాక్టరుగారు మానిపించారేమో అనుకున్నా" అన్నాడు టైలరు అమాయకంగా, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.

కొద్దిసేపటికే నర్సింగ్ సూపరింటెండెంటమ్మ వచ్చింది. గోడమీది డ్యూటీ కాగితంలో ఉదయం ఇన్సులిన్ల ఎదురుగా కొత్తమ్మాయి పేరు రాసి ఉంది. ఉద్యోగంలో చేరి ఏడాది నిండని పిల్ల, ఇంకా పర్మనెంటు కాలేదు. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. వార్డు తెరమీద చూస్తే టిక్కు, టైము తప్ప ఇంకేమీ లేవు. పచ్చ టిక్కు టైలరు పేరుమీద చక్కగా మెరుస్తోంది.

"కంప్యూటర్లో అంతా సరిగ్గానే ఉంది. మరి ఆ మనిషికి ఎక్కడిదమ్మా ఇన్సులిన్? స్కాన్ ఒకరికి చేసి సూది ఇంకొకరికి వేశావా?" అంది సూపరింటెండెంటమ్మ.

కొత్తమ్మాయి పెద్దక్క వంక చూసింది. తర్వాత నేలచూపులు చూసింది.

"అడిగితే మాట్లాడవేమే? మొహం చూడకుండా సూది వేస్తారుటే ఎవరైనా? ఇన్నాళ్ళూ నేను నేర్పింది ఇదేనా?" అని పెద్దక్క అందరి ముందూ దులిపేసింది. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. నాలుగింటికల్లా ఆ పిల్లమీద పైకి ఫిర్యాదు కాగితం పంపుతానని సూపరింటెండెంటమ్మ వెళ్ళిపోయింది. ఆ కాగితం వెళ్తే ఈ ఉద్యోగం పోవడమే కాదు, నర్సుగా ఇంకెక్కడా ఎవరూ తీసుకోరు.

మధ్యాహ్నం దాకా పెద్దక్కకి ఒకచోట కాలు నిలవలేదు. తిట్టడమైతే తిట్టింది గానీ, పుస్తకం ఎవరిది? ఆ పిల్లకి ఆ దొడ్డిదారి చూపించింది ఎవరు? చివరికి నోటుపుస్తకం చంకలో పెట్టుకుని కింది అంతస్తుకి దిగింది. పుస్తకం సంగతి ఒప్పేసుకుంటే పిల్లమీద భారం సగమన్నా తగ్గుతుందని ఆశ. నిజం చెప్పాలంటే, మెట్లు దిగుతూ తన మంచితనానికి తనే కాస్త మురిసిపోయింది కూడా.

కంప్యూటర్ చెల్లి పేజీలన్నీ తిప్పి చూసి తల పట్టుకుంది.

"నేను ఆ రోజే గట్టిగా అడగాల్సింది అక్కా. నాది కూడా తప్పే."

"అది తర్వాత చూద్దాం. పాపం కొత్తపిల్ల. ఏదైనా దారి ఉందేమో చూడవే."

చెల్లి ఏదో తెరిచింది. వార్డులో కనపడనివన్నీ అక్కడ కనపడతాయి. ఏ నిమిషానికి ఎవరి గుర్తింపు కార్డుతో మందుల బండి తెరుచుకుంది, ఎవరి కార్డుకి ఏ తలుపు తెరుచుకుంది, అన్నీ వరసగా ఉన్నాయి. ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది. పెద్దక్కవైపు తిరగకుండానే చెప్పింది.

"టైలరు ఇన్సులిన్‌కి టిక్కు పడింది ఏడు నలభై రెండుకి. అప్పుడు కొత్తమ్మాయి వార్డులో లేదక్కా. తన కార్డుకి కింద ల్యాబు తలుపు తెరుచుకుంది."

"మరి ఇన్సులిన్ ఎవరిచ్చారే?"

"బండి మీ కార్డుతో తెరుచుకుంది."

పెద్దక్క నిర్ఘాంతపోయింది. "నీ కంప్యూటర్‌కి మతిపోయింది" అనబోయింది. కానీ అప్పుడే, ఆ కుర్చీ పక్కన నిలబడి ఉండగానే, అంతా కళ్ళముందుకి వచ్చింది. "రక్తం సీసాలు ల్యాబులో ఇచ్చిరా, సూదులు నేను వేస్తాలే" అని ఆ పిల్ల చేతిలోంచి ట్రే అందుకున్నది తనే. ముసుగుతన్ని పడుకున్న మనిషిని లేపడం ఇష్టంలేక దుప్పటి కొంచెమే తొలగించి భుజానికి సూది వేసిందీ తనే. పైగా ఆ భుజం చూసి, "టైలరు కాస్త ఒళ్ళు చేశాడే, ఆసుపత్రి తిండి వంటబట్టింది" అనుకుని సంతోషించింది కూడా! ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేల సూదులో. చెయ్యి తన పని చేసేసింది, మనసు దాన్ని దాచుకోనేలేదు. ఇరవై నాలుగు మంచాల సంగతీ నాలుక చివర ఉంచుకునే మనిషికి, పొద్దున్న తన చేత్తో చేసిన పని మధ్యాహ్నానికి గుర్తులేదు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. కొత్తమ్మాయి డ్రైవరు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గ్లూకోజు సీసా చూస్తోంది. పెద్దక్క ఆమెని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది.

"నేనేనటే సూది వేసింది?"

ఆ పిల్ల తలూపింది.

"మరి చెప్పవేమే! నేనంటే అంత భయమా? నాకు గుర్తులేదే, ఒట్టు, గుర్తే లేదు!"

కొత్తమ్మాయి తెల్లబోయి చూసింది.

"గుర్తులేదా అక్కా? మీకన్నీ గుర్తుంటాయి కదా. మీరే చెప్తారేమోనని పొద్దుటినుంచీ చూస్తున్నాను. అందరి ముందూ తిట్టారు చూడండీ, అప్పుడు అర్థమైంది, ఇక చెప్పరని."

పెద్దక్క కొయ్యబారిపోయింది. అంటే ఈ పిల్ల దృష్టిలో తను పొద్దుటినుంచీ అన్నీ తెలిసి, తన తప్పు ఒక పసిదాని నెత్తిన రుద్ది, పైనుంచి నీతులు చెప్పిన మనిషి. మతిమరుపు వచ్చినందుకు సిగ్గుపడాలో, అంత నీచురాలినని ఒక మనిషి నమ్మగలిగినందుకు ఏడవాలో ఆవిడకి తెలియలేదు. గోడ గడియారం పావుతక్కువ నాలుగు చూపిస్తోంది.

సూపరింటెండెంటమ్మ అప్పటికే కాగితం మీద సంతకం కోసం పెన్ను తీసింది. పెద్దక్క నోటుపుస్తకం తీసి ఆ కాగితం మీదే పెట్టింది.

"ఈ పుస్తకం నాది. సూది వేసిందీ నేనే. పిల్ల పేరు కొట్టేసి నా పేరు రాయండమ్మా. పూర్తి పేరు."

సూపరింటెండెంటమ్మ పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసింది. తలుపు పక్కన పటం కట్టించింది ఆవిడే మరి. చివరికి కాగితం చింపి కొత్తది తీసుకుంది. విచారణ తేలేదాకా మందుల బండి జోలికి ఒంటరిగా వెళ్ళొద్దంది. పెద్దక్క సరేనంది.

సాయంత్రం మందుల వేళకి కొత్తమ్మాయి బండి తోసుకొస్తుంటే పెద్దక్క పక్కన నడిచింది. ఎనిమిదో మంచం దగ్గర ఆగి, డ్రైవరుకి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పొద్దున్న మీకు ఆ సూది వేసింది నేనండీ. ఈ అమ్మాయి కాదు."

డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. "మీరా? అయ్యయ్యో! నేను పొద్దుటినుంచీ ఈ పిల్లని నోటికొచ్చినట్టు తిడుతున్నానే! ఒక్కమాట ఎదురు చెప్పలేదు. చెమట తుడుస్తూనే ఉంది."

కొత్తమ్మాయి స్కానరు తీసి పెద్దక్క చేతికిచ్చింది. పెద్దక్క మంచం పక్కన వంగి డ్రైవరు మణికట్టు పట్టుకుంది. ముడతలు పడిన పట్టీని బొటనవేలితో సాపు చేసింది.

"మీ పేరు చెప్పండి బాబూ."

"పన్నెండు రోజులనుంచీ చూస్తున్నారు, నా పేరు తెలీదా సిస్టర్?"

"తెలీదండీ" అంది పెద్దక్క.

ఆయన చెప్పాడు. ఆవిడ ఇంకోసారి చెప్పించుకుని, తెరమీద అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సరిచూసుకుంది.