వెనక్కి తిప్పని టేపు

నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో కిటికీలన్నిటికీ తెరలు కుట్టింది మావిస్సే. ఊరంటే ఎంత, ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల్లో రోజుకు మూడు బస్సులొచ్చే ఊరు. ఆమె మెడలో ఎప్పుడూ గుడ్డ టేపు వేలాడేది. ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. ఆ రెండోవైపు మొహం ఆమె చూస్తే ఒట్టు.

పోలండు నుంచి హలీనా వచ్చి మూడేళ్లయిందో లేదో, సగం ఊరు అటే నడిచింది. ఆ పిల్ల కుట్టు సన్నగా ఉంటుందని ఎవరైనా అంటే మావిస్‌కు కడుపు మండిపోయేది. సన్నగా ఉంటే నెత్తిన పెట్టుకోండి!

ఇంతలో ఊరి హాలు వేదికకు కొత్త తెర కావలసి వచ్చింది. ఎడమ సగం మావిస్, కుడి సగం హలీనా కుట్టాలని కార్యదర్శి క్లిఫర్డ్ తేల్చేశాడు. పాత తెర మొత్తం తన చేతి పనే, ఇప్పుడు సగమా? ఆ సగంతోనే హలీనాది వెలవెలబోయేలా చేయాలని మావిస్ పంతం పట్టింది.

నిచ్చెనెక్కి తెర ఎత్తు కొలిచింది హలీనా. "రెండువందల ఎనభై సెంటీమీటర్లండీ."

ఇంకొకతె కొలిచాక తాను మళ్లీ నిచ్చెనెక్కడమా? నామోషీ. టేపు తిప్పి చూడడమా? అంతకన్నా నామోషీ. బళ్లో నేర్చిన లెక్క ఉండనే ఉంది, అంగుళానికి రెండున్నర సెంటీమీటర్లు. ఆ రెండున్నర మీద ఇంకాస్త ఉందన్న సంగతి ఆమెకు అక్కర్లేకపోయింది. నూటపన్నెండు అంగుళాలకు కుట్టేసింది.

తెర కట్టిన రోజు ఊరంతా చూస్తుండగా హలీనా సగం నేలను ముట్టీముట్టనట్టు ఆగింది. మావిస్ సగం దాదాపు రెండంగుళాలు నేలమీద పడి ఈడ్చుకుంది.

"ఇదేంటి మావిస్, హాలు ఊడవడానికి కుట్టావా?" అన్నాడు క్లిఫర్డ్.

"తప్పు నాదండీ. కొలత నేనే ఎక్కువ చెప్పాను," అంది హలీనా తడుముకోకుండా.

"చూడు, ఎంత మంచి పిల్లో," అన్నారెవరో వెనకనుంచి.

మావిస్ ఒళ్లు భగ్గుమంది. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, హాలు పనీ దక్కుతుంది. కానీ తన తప్పుకు కూడా మెప్పు దానికేనా?

"అది సరిగ్గానే చెప్పింది. లెక్క తప్పింది నేను." హలీనా వైపు తిరిగింది. "నా ఊరంతా పట్టుకుపోయావు, ఊరుకున్నాను. నా తప్పన్నా నాకుంచు."

మావిస్ నేలమీద చతికిలబడి తెర అంచు విప్పింది. మెడలోంచి టేపు తీసి, వెనక్కి తిప్పి, హలీనా ముందుకు తోసింది.

"ఏ గీత దగ్గర మడవాలో చెప్పి ఏడువు," అంది మొహం చూడకుండా.