ప్రసాదం లైన్లో ఇచ్చిన నోటీసు

గిరిజ ఇంట్లోకి వస్తే ఎవరూ లేచి నిలబడరు. భర్త జగదీష్ సోఫా మీంచి కాళ్ళు కూడా తియ్యడు. అదే గిరిజ నల్ల గౌను వేసుకుని కోర్టు హాల్లో అడుగుపెడితే, బెయిలిఫ్ "ఆల్ రైజ్!" అని కేక పెడతాడు. బెయిలిఫ్ అంటే మన కోర్టు బంట్రోతు లాంటివాడే గానీ ఇక్కడ అమెరికాలో నడుముకి తుపాకీ ఉంటుంది. దాంతో హాలంతా దిగ్గున లేస్తుంది. మొదటి వారం ఆవిడే ఉలిక్కిపడి, ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. తర్వాత అలవాటైపోయింది. అలవాటుతో ఆగిందా, రుచి కూడా మరిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కోర్టు పెద్దదేం కాదు. టెక్సాస్‌లో ఇర్వింగ్ అనే ఊరి చుట్టుపక్కల అద్దె తగాదాలు, స్పీడింగ్ టికెట్లు, అంతే. పాత జడ్జి గడువు తీరకుండానే రిటైరైతే, కౌంటీ వాళ్ళు, అంటే మన జిల్లా అధికారుల్లాంటివాళ్ళు, లాయరు గిరిజని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడికి వాళ్ళ పని అయిపోయింది. అందులోనే కూర్చుని ఉండాలంటే మాత్రం నవంబరు ఎన్నికల్లో గెలవాలి. మొన్నటిదాకా ఆవిడ వస్తే జనం లేచేవారు, ఇప్పుడు జనం వస్తే ఆవిడ లేవాలి. అదీ ఎక్కడ? ఇండియన్ గ్రోసరీ స్టోర్ ముందు, టెక్సాస్ ఎండలో, కరివేపాకు కట్టలతో బయటికొచ్చేవాళ్ళకి కరపత్రాలు పంచుతూ.

పంచి ఏం చెప్పాలి? రోడ్డు వేయిస్తాననడానికి ఆవిడ ఎమ్మెల్యే కాదు. ఏ కేసులో ఎలా తీర్పిస్తుందో జడ్జి ముందుగా చెప్పకూడదు. "ఇద్దరి మాటా వింటాను" అన్నదొక్కటే ఆవిడ దగ్గరున్న హామీ. "మా అత్తగారు కూడా ఇద్దరి మాటా వింటుందండీ, ఏం లాభం?" అని నవ్వుకుంటూ కారెక్కాడు ఒకాయన.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదాని జగదీష్‌నే అడిగింది. "నీకు ఓటేస్తానా?" అన్నాడాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "వేస్తాలే. కానీ లేచి నిలబడమని మాత్రం అడక్కు."

ఇలాంటి సమయంలో సత్యం గారు దేవుడిలా దొరికారు. పాతికేళ్ళ కిందటే వచ్చి స్థిరపడ్డ మనిషి, నాలుగిళ్ళు అద్దెకిచ్చుకున్న ఆసామి, ఊళ్ళో ఏ తెలుగు కార్యక్రమమైనా మైకు ముందుగా ఆయన చేతికే వెళ్ళాలి. గిరిజ కోసం బాంక్వెట్ హాల్ బుక్ చేశారు. శాలువా, దండ, బిర్యానీ, ఈలలు! గిరిజకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంక గెలుపు ఖాయమనుకుని, ఆ ఊపులో నోరు జారింది.

"ఓటున్నవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి!"

సత్యం గారి చెయ్యి లేచింది. ఆయన భార్య చెయ్యి లేచింది. బిర్యానీ గిన్నె దగ్గరున్న కేటరింగ్ ఆయన గరిటె ఎత్తాడు. ఇంక లేవలేదు. సగం హాలు హెచ్-వన్ వీసా ఉద్యోగులు, మిగతా సగం గ్రీన్ కార్డు క్యూ. ఈలలేసిన ముందు వరసంతా ఎఫ్-వన్ వీసా మీద మాస్టర్స్ చదువుకుంటున్న పిల్లలు. అమెరికాలో ఓటు అడగాలంటే ముందు పాస్‌పోర్టు రంగు చూడాలన్న ఇంగితం ఇంత చదువుకున్న జడ్జి గారికి లేకపోయింది.

ముందు వరసలోంచి రిషిత అనే అమ్మాయి లేచి, "ఆంటీ, మాకు ఓటు లేదు గానీ గొంతుంది. అరవమంటే అరుస్తాం!" అంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా గిరిజే నవ్వింది, ఏడవలేక.

"నువ్వు కంగారు పడకమ్మా," అన్నారు సత్యం గారు. "సిటిజన్లందరూ నా వాట్సాప్ గ్రూపులోనే ఉన్నారు. పై పదవులకి ఓటేసి, బ్యాలెట్ అడుగున ఉన్న జడ్జి పేరు దాకా వచ్చేదెవరు? నేనొక్క మెసేజ్ పెడితే చాలు." అన్నట్టుగానే మెసేజ్ పెట్టారు. తన ఇంటి ముందు పచ్చికలో గిరిజ పేరున్న ప్రచారం బోర్డు కూడా పాతించారు.

రెండు వారాలు తిరక్కుండా కోర్టులో ఓ కేసొచ్చింది. ఇంటి యజమాని సత్యం గారు. ఇల్లు ఖాళీ చెయ్యనంటున్న అద్దెమనిషి రిషిత.

గిరిజ తటాలున ఫైలు మూసేసింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఈ కేసులోంచి తప్పుకోవడమే ధర్మమని జగదీష్‌కి చాలాసేపు చెప్పింది. అంతా విని, "ధర్మమా, భయమా?" అనడిగాడాయన. "రెండూ," అంది గిరిజ.

విచారణ రోజున కోర్టులో ఉన్నమాట చెప్పింది. సత్యం గారు తన ప్రచారానికి సాయం చేస్తున్నారు, వేరే జడ్జి కావాలంటే అడగండి అంది. "ఎందుకమ్మా, మీరే చూడండి," అన్నారు సత్యం గారు ధీమాగా. "నాకూ మీరే కావాలి ఆంటీ... సారీ, మేడమ్," అంది రిషిత.

సత్యం గారికి ఇల్లు కావాలి. మేనల్లుడు భార్యాపిల్లలతో వస్తున్నాడు. రిషితకి డిసెంబరు పరీక్షలయ్యేదాకా ఆ గది కావాలి. కాలేజీకి దగ్గర, కారు లేని రూమ్మేట్‌ని కూడా తనే దింపాలి.

"ఖాళీ చెయ్యమని నోటీసిచ్చారా?" గిరిజ అడిగింది.

"ఇచ్చానుగా! గుళ్ళో ప్రసాదం లైన్లో చెప్పాను. పులిహోర తీసుకుంటూ 'సరే అంకుల్' అని తల కూడా ఊపింది."

"రాతపూర్వకంగా?"

"మనలో మనకి రాతలేమిటమ్మా!"

చట్టంలో పులిహోరకి చోటు లేదు. గిరిజ కేసు కొట్టేసింది. కాగితం మీద నోటీసిచ్చి, గడువు దాటాక మళ్ళీ రమ్మంది. సత్యం గారు విసవిసా బయటికి నడిచారు.

ఆ సాయంత్రం ఇంట్లో పాలు ఉండగానే గిరిజ పాలకని బయల్దేరి, సత్యం గారి వీధిలో కారు స్లో చేసింది. బోర్డు లేదు. పాతిన చోట రెండు చిల్లులున్నాయి. మర్నాడు పెరుక్కని మళ్ళీ వెళ్ళింది, గాలికి పడిపోయిందేమో, మళ్ళీ పాతారేమోనని. న్యాయమూర్తి గారి వాలకం అలా ఉంది. తీర్పు సరైనదేనని తెలుసు. అయినా ఆ కుర్చీ పోతుందేమోనని మూడోరోజు కొత్తిమీరకని బయల్దేరింది.

ఎన్నికల రోజున పోలింగ్ చోటుకి దూరంగా, చట్టం గీసిన గీత ఇవతల నిలబడింది గిరిజ. పక్కన రిషిత, ప్రచారం బోర్డు రెండు చేతులా ఎత్తి పట్టుకుని. ఓటు లేని పిల్ల, పొద్దుటినుంచీ నీళ్ళు కూడా తాగలేదు. సత్యం గారు లోపలికెళ్ళి, చొక్కాకి 'ఓటేశాను' స్టిక్కర్‌తో బయటికొచ్చారు. గిరిజని పక్కకి పిలిచారు.

"నీకే వేశానమ్మా. మా గ్రూపు వాళ్ళకీ చెప్పాను."

గిరిజ దణ్ణం పెట్టబోయింది.

"ఈసారి నోటీసు సర్టిఫైడ్ మెయిల్లో పంపాను. నువ్వు చెప్పినట్టే, పొల్లుపోకుండా. రేపు కొత్తాయనెవరో వచ్చి ఇంకో కాగితం అడిగితే నా గతేం కాను? నీకైతే ఏం కావాలో నాకు తెలుసు."

గిరిజ తిరిగొచ్చేసరికి రిషిత నవ్వుతోంది. "ఏమన్నారు ఆంటీ? నాకు మళ్ళీ నోటీసొచ్చింది తెలుసా?"

"ఆ సంగతి నాతో చెప్పకమ్మా. కేసు నా దగ్గరికే రావచ్చు."

"మీ దగ్గరికొస్తే నాకు టెన్షన్ లేదు," అంది రిషిత, బోర్డు ఇంకాస్త పైకెత్తి.

గిరిజకి సిగ్గేసింది. ఓడిపోతే బాగుండునని ఒక్క క్షణం మనస్ఫూర్తిగా అనుకుంది. ఒక్క క్షణమే. అంతలో ఎవరో జంట ఎదురొస్తుంటే పరుగున వెళ్ళి కరపత్రం అందించింది.

గెలిచింది. బొటాబొటీగా గెలిచింది.

డిసెంబరు మొదట్లో కేసు మళ్ళీ వచ్చింది. ఈయన విందు చేశారు, ఈ అమ్మాయి బోర్డు మోసింది, ఇద్దరూ నావాళ్ళే, వేరే జడ్జి కావాలా అని గిరిజ ఆశగా అడిగింది. అక్కర్లేదన్నారు ఇద్దరూ. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు చదివింది. దొరకలేదు. ఇల్లు సత్యం గారికి అప్పగించమని తీర్పు చెప్పింది. పరీక్షలింకా మొదలు కాలేదు.

రిషిత ఏడవలేదు. నిలబడ్డచోటినుంచే అడిగింది.

"ఆంటీ, మీ బోర్డు ఇంకా నా కార్ ట్రంక్‌లోనే ఉంది. సామాన్లు సర్దుకోవడానికి ప్లేస్ కావాలి. ఎక్కడ ఇవ్వమంటారు?"

గిరిజ కాగితాలు పక్కన పెట్టింది. కుర్చీలోంచి లేచింది. అలవాటుకొద్దీ బెయిలిఫ్ "ఆల్ రైజ్!" అని కేక పెట్టాడు. హాలంతా లేచింది. రిషిత అప్పటికే నిలబడి ఉంది.