కుట్టు లేని గుడారం

ఆ రోజుల్లో ఎవరి నోట తప్పు దొర్లినా, దాన్ని దిద్దేదాకా నాకు అన్నం సహించేది కాదు. పటమటలో ఒక ప్రైవేటు కాలేజీలో కొత్తగా చరిత్ర చెబుతున్నాను. పెళ్లి భోజనాల్లో పక్కవాడు ఏదో రాజు పేరు తప్పు చెబితే, విస్తరి ముందు కూర్చునే వాదన పెట్టుకునేవాణ్ణి. (ఇప్పుడు మా ఆవిడ దగ్గర ఆ ధైర్యం చేయను.) పెడనలో మగ్గం నేసే మా నాన్నకు మాత్రం నా ఉద్యోగం మింగుడుపడలేదు. "జరిగిపోయినదానికి జీతమేంట్రా?" అనేవాడు. ఒక్కసారి ఆయన నోట 'బాగుందిరా' అనిపించుకోవాలని నా తాపత్రయం.

ఆ అవకాశం కాలేజీయే ఇచ్చింది. క్రూసేడులు, అంటే ఏడు వందల నుంచి తొమ్మిది వందల ఏళ్ల కిందట జెరూసలేం కోసం యూరప్ వాళ్లూ అక్కడి ముస్లిం రాజులూ చేసుకున్న యుద్ధాలు. వాటిమీద తెలుగులోకి డబ్బింగయిన సినిమా ఒకటి పిల్లలకు వేస్తారట. తర్వాత అందులో చరిత్ర ఎంతుందో నేను చెప్పాలట. ముందే నాలుగుసార్లు చూసి ఇరవై మూడు తప్పులు రాసిపెట్టుకున్నాను. నాన్నను రమ్మన్నాను. ఉతికిన పంచె కట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు.

సినిమా అవగానే మైకు అందుకున్నాను. "ఇందులో చూపించిన సుల్తాను ఈ యుద్ధానికి నాలుగేళ్ల ముందే పోయాడు. సైనికుడు కొరికిన మొక్కజొన్న కంకి అమెరికా పంట, ఆ దేశాలకు రావడానికి ఇంకా రెండు వందల ఏళ్లు పైనే పడుతుంది." పిల్లలు నవ్వుతుంటే నాకు ఊపొచ్చింది. చివర్లో నాన్న వైపు చూస్తూ, "బట్టలు మాత్రం అచ్చంగా ఆ కాలానివే. యూరప్ రాజుగారి గుడారం చూశారా? చేనేతంటే అదీ!" అన్నాను. అది నా కాగితంలో లేదు. ఆయన్ని సంతోషపెట్టాలని అప్పటికప్పుడు కలిపిన ముక్క.

నాన్న లేచి నిలబడ్డాడు. "అయ్యా, ఒక్క మాటండీ. ఆ గుడారం గుడ్డకి మధ్యలో కుట్టెక్కడుందండీ? అడ్డపోగు లాక్కెళ్లే నాడె ఈ చేత్తో విసిరి ఆ చేత్తో అందుకోవాలి కదండీ. చేతులు ఎంత చాపితే గుడ్డ పన్నా అంతే. అంత వెడల్పు గుడ్డ ఒకటే ముక్కగా ఉందంటే అది మిల్లుదేనండీ. మావాడికి తెలీదులెండి, వాడు మగ్గంలో కూర్చోలేదు."

హాలంతా చప్పట్లు, అన్నీ ఆయనకే. ప్రిన్సిపాల్ గారు నవ్వి, "ఇరవై నాలుగోది కూడా రాసుకోండి మాస్టారూ" అన్నారు. రాసుకున్నాను.

బెంజ్ సర్కిల్ దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆగి, "నలుగుర్లో నీ పరువు తీశానేంట్రా?" అన్నాడు. నిజంగానే బెంగపడుతున్నాడు.

"లేదు నాన్నా, నువ్వన్నది రైటే."

"అయితే నీదీ నా పనేరా. నేను తానులో తప్పు పడతా, నువ్వు సినిమాలో పడతావు. బాగుందిరా!" అని, ఊరివైపు పోయే బందరు బస్సు రాగానే ఎక్కేశాడు. నేను సంతోషంతో అక్కడే నిలబడి రెండు సిటీబస్సులు వదిలేశాను.

ఆరేడేళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. క్రూసేడుల చివరి రోజులకే యూరప్‌లో వెడల్పాటి మగ్గాలు వచ్చాయట. ఇద్దరు నేతగాళ్లు పక్కపక్కన కూర్చుని ఒకరికొకరు నాడె విసురుకునేవారట. మా సినిమా కథ కూడా ఆ చివరి రోజులదే. అంటే కుట్టు లేనంత మాత్రాన అది మిల్లు గుడ్డ అయి తీరాలనేం లేదు. అలవాటు ఊరుకుంటుందా, వెంటనే ఫోన్ చేశాను. "ఏరా?" అన్నాడు నాన్న. "ఏం లేదు నాన్నా, అన్నం తిన్నావా?" అన్నాను.

ఇంటికి ఎవరొచ్చినా ఆయన ఇప్పటికీ ఆ కథ చెబుతాడు. "మావాడు ఇరవై మూడు పట్టాడండీ, నేను ఒక్కటే పట్టాను" అని, నా వైపు తిరిగి, "ఏరా, రైటేనా?" అంటాడు.

ఆ ఇరవై మూడిట్లో సగం నాకిప్పుడు గుర్తే లేవు.

"రైటే నాన్నా" అంటాను.